చేయి నిదానిస్తేనే బ్యాటు పరుగెడుతుంది



బట్టలు ఉతికి, పిండి, తీగ మీద ఆరేసే ముందు మనమంతా ఒక పని చేస్తాం. తడి తువ్వాలు రెండు కొసలూ పట్టుకుని 'ఫట్'మని ఒక్క విదిలింపు విదిలిస్తాం. ముడతలు పోతాయి, మిగిలిన నీళ్ళు చిమ్ముతాయి. రోజూ చేసే పనే కనుక ఇందులో వింతేముందనుకుంటాం. కాని ఈసారి మీ చేతుల్ని కాస్త గమనించండి. తువ్వాలు 'ఫట్'మన్న క్షణంలో చేతులు కదులుతున్నాయా, ఆగి వున్నాయా? ఆగే వుంటాయి. చేతులు జోరుగా ముందుకు వెళ్ళి చటుక్కున నిలిచిపోతాయి. అప్పుడు అవతలి కొస ఎగిరి చప్పుడు చేస్తుంది. అలా ఆపకుండా తోసుకుంటూ పోయారనుకోండి, తువ్వాలు మీ చేతుల వెంట మెత్తగా నడిచి వస్తుందే తప్ప చప్పుడు చెయ్యదు.

పాత పాదరసం థర్మామీటరు దులపడంలోనూ ఇదే కిటుకు. ముంజేయి కదిలి, మణికట్టు దగ్గర టక్కున ఆగితేనే పాదరసం కిందికి దిగుతుంది.

ఇవాళ నేను చెప్పబోయే విషయం ఆటకు సంబంధించింది. బ్యాటు పట్టుకున్న చేతులు ఆ బ్యాటుకు వేగం ఎలా ఇస్తాయన్నది. "ఆటల సంగతి మనకెందుకమ్మా" అని రేడియో కట్టెయ్యకండి. ఇది మన ఆడపిల్లల సంగతి కూడాను.

మహబూబాబాదు నుంచి ఒక తల్లి ఉత్తరం రాసింది. వాళ్ళమ్మాయి ఎనిమిదో తరగతి. బడిలో సాఫ్ట్‌బాల్ ఆడుతోందట. పిల్ల సన్నగా వుంటుంది. "దానికి బలమేడ వున్నది? ఆ కట్టె పట్టుకొని ఏం కొడతది? మానిపియ్యి" అంటున్నారట ఇంట్లో పెద్దవాళ్ళు. "ఏం చెయ్యమంటారు?" అని అడిగింది ఆ తల్లి. జనగామలోనూ, భూపాలపల్లిలోనూ కూడా ఇదే మాట తల్లుల నోట విన్నాను. ఏడో తరగతి దాకా ఎగిరి దూకిన పిల్లలు పదమూడో యేడు వచ్చేసరికి మైదానం వదిలేస్తున్నారు. కారణాలు చాలా వుంటాయి. అందులో ఒకటి మాత్రం ఉత్త అపోహ. గట్టిగా కొట్టాలంటే జబ్బలో బలం వుండాలన్న అపోహ.

ముందు మన ఆటతోనే మొదలుపెడదాం. మనవైపు చిర్రగోనె అంటాం. కోస్తా వాళ్ళు బిళ్ళంగోడు అంటారు, కర్రాబిళ్ళ అనీ అంటారు. చిన్న ముక్క చిర్ర, పొడుగు కర్ర గోనె. చిర్ర కొసమీద గోనెతో చిన్న దెబ్బ వేస్తే అది గాలిలోకి లేస్తుంది. లేచినదాన్ని మళ్ళీ కొట్టి దూరం పంపాలి. ఈ ఆటలో జబ్బలు తిరిగిన పిల్లవాడే గెలుస్తాడా? గెలవడు. చిర్ర గాలిలో వుండేది రెప్పపాటు. అంతసేపట్లో భుజం నుంచి పెద్దగా చేయి విసిరే వ్యవధి వుండదు. మణికట్టు ఆఖరి క్షణంలో తెరిచినవాడి చిర్రే దూరం పోతుంది. బక్కపిల్లవాడు వీధి చివరిదాకా కొట్టడం, లావుపాటివాడు నాలుగు గజాలు కూడా పంపలేకపోవడం మనం చిన్నప్పుడు చూడలేదా?

అమెరికావాళ్ళ బేస్‌బాల్‌లో ఇదే సూత్రం రెండు చేతులతో నడుస్తుంది. సాఫ్ట్‌బాల్ దాని చెల్లెలు. బంతి కొంచెం పెద్దది, చేయి కిందినుంచి విసురుతారు. మన బడుల్లో ఆడపిల్లలు ఎక్కువగా ఆడేది ఇదే. 1996లో ఆడవాళ్ళ సాఫ్ట్‌బాల్ ఒలింపిక్స్‌లో చేరింది. 2028లో లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో క్రికెట్టుతో పాటు ఇదీ వుండబోతోంది.

బేస్‌బాల్‌లో బంతి విసిరేవాడికీ కొట్టేవాడి దగ్గరుండే పలకకూ మధ్య దూరం 60 అడుగుల 6 అంగుళాలు. గంటకు 145 కిలోమీటర్ల వేగంతో విసిరిన బంతి ఇంచుమించు 0.4 సెకన్లలో వచ్చి పడుతుంది. అందులో సగానికి పైగా కాలం బంతిని చూసి, కొట్టాలా వద్దా అని తేల్చుకోవడానికే సరి. బ్యాటు విసరడానికి మిగిలేది సుమారు 0.15 సెకను. బ్యాటు బరువు కిలోకి కాస్త తక్కువ. అమెరికాలో పెద్ద పోటీల్లో ఆడేవాళ్ళ బ్యాటు వేగాన్ని కెమెరాలతో కొలిచి 2024 నుంచి అందరికీ వెల్లడిస్తున్నారు. బ్యాటు కొసకు ఆరు అంగుళాలు లోపల కొలిస్తే సగటున గంటకు 115 కిలోమీటర్ల వేగం వుంటోంది. జియాన్‌కార్లో స్టాంటన్ అనే ఆటగాడిది 130 దాటింది.

మరి అదే సమయంలో ఆ బ్యాటు పట్టుకున్న చేతుల వేగం ఎంతనుకున్నారు? బాగా వేగంగా కదిలినప్పుడు కూడా గంటకు 40 కిలోమీటర్ల దరిదాపుల్లోనే. అంటే బ్యాటు వేగంలో ఇంచుమించు మూడో వంతు. మిగిలిన వేగం ఎక్కడినుంచి వచ్చింది? అదే అసలు ప్రశ్న.

పెళ్ళి విందులో వంటశాల నుంచి పంక్తి దాకా మనుషులు వరసగా నిలబడి గిన్నెలు అందిస్తారు చూడండి. అందించినవాడు అక్కడే ఆగిపోతాడు, గిన్నె ముందుకు పోతుంది. బ్యాటు విసురు కూడా ఇలాంటి అందింపే. ముందు కాలు నేలను తన్నిపెట్టి నిలుస్తుంది. దాని ఊతంతో నడుము తిరుగుతుంది. నడుము వేగం అందుకుని తను నిదానిస్తుంది, ఆ జోరు ఛాతీకి, భుజాలకు వెడుతుంది. భుజాలు నిదానిస్తాయి, జోరు చేతులకు వెడుతుంది. ఆఖరికి చేతులూ నిదానిస్తాయి, అప్పుడు జోరంతా బ్యాటుకు చేరుతుంది. ఒంటి బరువుతో పోలిస్తే బ్యాటు చాలా తేలిక. పెద్ద వస్తువులో వున్న జోరు చిన్న వస్తువులోకి దిగితే దాని వేగం పెరగక తప్పదు. తడి తువ్వాలు కొస 'ఫట్'మనడంలోని రహస్యమూ ఇదే. బోనాల పండుగలో పోతరాజు కొరడా ఝళిపించడం చూశారుగా. కొరడా బాగా ఝళిపిస్తే దాని కొస శబ్దవేగాన్ని, అంటే గంటకు దాదాపు 1,200 కిలోమీటర్లను, దాటిపోతుంది. ఆ 'ఛెళ్' అనే చప్పుడుకు కారణం అదే. పట్టుకున్న చేయి మాత్రం మామూలు చేయే.

టెడ్ విలియమ్స్ అని బేస్‌బాల్‌లో మహా పేరున్న ఆటగాడు వుండేవాడు. బంతిని కొట్టడం గురించి ఆయన ఒక పుస్తకం వెలువరించాడు. నడుము ముందు నడవాలి, చేతులు దాని వెనక రావాలి అన్నది ఆయన బోధనలో ముఖ్యమైన మాట.

అయితే చేతులు ఊరికే వెనక వస్తే చాలదు. వాటికీ మూడు పనులున్నాయి.

మొదటి పని బ్యాటును ఒంటికి దగ్గరగా దాచి వుంచడం. ఆడపిల్లలు ఒప్పులకుప్ప తిరగడం గుర్తు చేసుకోండి. చేతులు చాచి దూరంగా వాలితే తిరగడానికి చాలా కష్టపడాలి, దగ్గరగా ముడుచుకుంటే గిర్రున తిరుగుతారు. బ్యాటూ అంతే. మొదట్లోనే దాన్ని బారజాపితే బరువంతా దూరాన పడి ఒళ్ళు తిరగదు. అందుకని మోచేతులు ముడిచి, మణికట్లు వంచి, బ్యాటు కొసను వెనక భుజం దగ్గరే వుంచి నడుము తిప్పుతారు. ఒళ్ళు బంతివైపు తిరిగిపోతున్నా బ్యాటు కొస ఇంకా వెనకే వుంటుంది. చూసేవాళ్ళకు ఆలస్యం చేస్తున్నట్టు అనిపిస్తుంది. ఆ ఆలస్యమే కూడబెట్టిన సొమ్ము.

రెండో పని చేతుల్ని సూటిగా తొయ్యకుండా వంపు తిప్పడం. ఇది అర్థం కావాలంటే మీ తాళంచెవుల గుత్తిని ఒక దారానికి కట్టి పట్టుకోండి. చేతిని సూటిగా ముందుకు జరిపితే గుత్తి వెనకాలే వస్తుంది. చేతిని చిన్న వంపు తిప్పండి, గుత్తి గిరుక్కున బయటికి లేచి తిరుగుతుంది. చేయి తిరిగింది బెత్తెడు, గుత్తి తిరిగింది బారెడు. బ్యాటు పట్టినవాళ్ళు తలుపు తోసినట్టు బంతివైపు చేతుల్ని తోస్తే వేగం రాదు. చేతులు ఒంటి చుట్టూ వంపు తిరుగుతూ, బ్యాటు పిడిని లోపలికి లాగుతూ వుంటే కొస దానంతట అదే బయటికి విసురుకుంటుంది. ఒప్పులకుప్పలో చేతులు వదిలితే ఇద్దరూ చెరోవైపు పడతారు కదా, బ్యాటు కూడా అలాగే పారిపోవాలని చూస్తుంది. దాన్ని పారిపోనివ్వకుండా లాగి పట్టే పనిలోనే వేళ్ళ బలమంతా అవసరం.

మూడో పని ఆఖర్న మణికట్లు తెరవడం. కుడిచేతి వాటం వాళ్ళకు బ్యాటు అడుగున ఎడమచేయి, దాని పైన కుడిచేయి వుంటాయి. ఆఖరి ఘట్టంలో అడుగుచేయి వెనక్కి లాగుతున్నట్టు, పైచేయి ముందుకు నెడుతున్నట్టు పని చేస్తాయి. కారు స్టీరింగు తిప్పేటప్పుడు ఒక చేయి కిందికీ ఒక చేయి పైకీ పోయినట్టన్నమాట. ఈ లాగుడు, నెట్టుడు వల్ల వచ్చే వేగం ఎంత, నడుము తిరుగుడు నుంచి దానంతట అది వచ్చేది ఎంత అని శిక్షకుల మధ్య పెద్ద వాదమే వుంది. చేతులే ప్రధానమనేవాళ్ళున్నారు, చేతులు ఉత్త కొక్కేల్లాంటివి, నడుమే సర్వస్వమనేవాళ్ళూ వున్నారు. ఇరుపక్షాల వాళ్ళూ ఒప్పుకునేది ఒక్కటుంది. మణికట్లు తొందరపడి తెరవకూడదు. గాలం విసిరినట్టు ముందుగానే తెరిచేస్తే వేగమంతా వెనకాలే ఖర్చయిపోతుంది. బంతి దగ్గరికొచ్చేసరికి బ్యాటు అలిసిపోయి వుంటుంది.

భూపాలపల్లి వంటి బొగ్గు గనుల ఊళ్ళో సమ్మెట కొట్టే మనిషిని చూడండి. ఎత్తేటప్పుడు ఒక చేయి సమ్మెట తల దగ్గర, ఒక చేయి పిడి చివర వుంటాయి. కొట్టేటప్పుడు పైచేయి జారి కిందిచేతిని కలుసుకుంటుంది. మొదట దగ్గరగా దాచి, ఆఖర్న దూరానికి వదలడమే ఇదీ. జనగామ పక్కన పెంబర్తిలో ఇత్తడి రేకు మీద బొమ్మలు తేల్చే పనివాళ్ళను చూశారనుకోండి, వాళ్ళది చిన్న సుత్తి. నడుముతో పని లేదు, మణికట్టు ఆడితే చాలు. పని పెద్దదైతే ఒళ్ళంతా కదలాలి, చిన్నదైతే మణికట్టు చాలు. ఎక్కడైనా ఆఖర్న తెరవవలసింది మాత్రం మణికట్టే.

ఇంకో విచిత్రం చెబుతాను. బ్యాటూ బంతీ తాకి వుండే సమయం సెకనులో వెయ్యో వంతు. అంతలో చేతులు చెయ్యగలిగింది ఏమీ లేదు. దెబ్బ అదురు పిడి దాకా వచ్చి చేతికి తెలిసేసరికే బంతి వెళ్ళిపోయి వుంటుంది. తగిలే క్షణంలో పిడిని ఇంకా గట్టిగా బిగించినా బంతి వేగం పెరగదు. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన రాబర్ట్ అడైర్ అనే భౌతికశాస్త్రవేత్త ఈ ఆట భౌతికశాస్త్రం మీద 1990లో ఒక పుస్తకమే రాశాడు. అప్పటినుంచి ఈ విషయం మీద చాలా పరిశోధన జరిగింది. చేతుల పనంతా తాకక ముందే అయిపోవాలన్నది తేలిన మాట. టీవీలో నెమ్మదిగా చూపించినప్పుడు మణికట్లు దొర్లినట్టు కనిపిస్తాయే, అది చాలావరకు బంతి వెళ్ళిపోయాక జరిగేది. దాన్ని చూసి "మణికట్టు దొర్లించు" అని పిల్లలకు నేర్పితే పిల్ల ముందే దొర్లించేస్తుంది, బంతి నేలమీద పడుతుంది.

క్రికెట్టు సంగతి అందరికీ తెలుసు కనుక ఒక్క మాట. హైదరాబాదు వాళ్ళ మణికట్టు పేరు మోసింది. మహమ్మద్ అజహరుద్దీన్ 1984-85లో ఇంగ్లండు మీద ఆడిన తన మొదటి మూడు టెస్టుల్లోనూ మూడు సెంచరీలు చేశాడు. మనిషి సన్నగా వుండేవాడు. వి.వి.ఎస్. లక్ష్మణ్ 2001లో కలకత్తాలో ఆస్ట్రేలియా మీద 281 పరుగులు చేశాడు. ఇద్దరూ బంతిని బాదినట్టు కనిపించరు. బంతి దగ్గరికి వచ్చేదాకా ఆగి, మణికట్టు తిప్పితే అది బౌండరీకి పరుగెత్తేది.

"వాళ్ళంతా మగపిల్లలు కదమ్మా" అంటారేమో. మానుకోటకు పొరుగు జిల్లాలో భద్రాచలం వుంది. అక్కడి పిల్ల గొంగడి త్రిష. 2025 జనవరిలో మలేషియాలో జరిగిన పందొమ్మిదేళ్ళ లోపు అమ్మాయిల టీ20 ప్రపంచకప్పులో స్కాట్లండు మీద 59 బంతుల్లో 110 పరుగులు చేసి అవుట్ కాకుండా నిలిచింది. ఆ పోటీల చరిత్రలో అదే మొదటి సెంచరీ. మన దేశం కప్పు గెలిచింది, మొత్తం పోటీలకు ఉత్తమ క్రీడాకారిణి ఆ అమ్మాయే. భద్రాచలం పిల్లకు సాధ్యమైంది మానుకోట పిల్లకు ఎందుకు కాదు?

బలం అక్కర్లేదని నేననడం లేదు. బలమూ కావాలి. కాని అది వుండవలసిన చోటు జబ్బ కాదు, తొడలూ నడుమూను. పరుగు, గుంజీలు, తాడాట వీటితో వస్తుంది. పప్పు, గుడ్డు, పాలు, ఆకుకూర పిల్లవాడికి ఎంత పెడుతున్నారో పిల్లకూ అంత పెడితే వస్తుంది. జబ్బలు లావెక్కుతాయేమోనన్న భయం అక్కర్లేదు.

ఇక ఆట తెలియని తల్లి కూడా ఇంటి దగ్గర చూసుకోదగినవి మూడున్నాయి.

ఒకటి, బ్యాటు బరువు. పిల్లను ఒక్కచేత్తో బ్యాటు పిడి పట్టుకుని పక్కకు బారజాపమనండి. ఇరవై అంకెలు లెక్కపెట్టండి. అంతలోనే చేయి వణికి కిందికి వాలిపోతే ఆ బ్యాటు ఆమెకు బరువు. అన్నయ్య వాడి వదిలేసింది వుంది కదా అని అదే ఇవ్వకండి. బరువు బ్యాటు మెల్లగా తిరుగుతుంది, మణికట్టు నొప్పి కూడా తెస్తుంది.

రెండు, పట్టు. తడి బట్ట పిండినట్టు అరచేతిలో బిగించి పట్టుకుంటే ముంజేయి కండరాలు బిర్రబిగుసుకుపోయి మణికట్టు ఆడదు. గరిటె పట్టుకున్నట్టు వేళ్ళలో వుండాలి. జారిపోనంత గట్టిగా, అంతవరకే. బ్యాటు తిరిగేకొద్దీ వేళ్ళు వాటంతట అవే బిగుసుకుంటాయి.

మూడు, చప్పుడు. ఇది నాకు చాలా ఇష్టమైన పరీక్ష. సన్నటి వెదురు కర్ర ఒకటి ఇచ్చి బ్యాటులా విసరమనండి. మీరు దూరంగా నిలబడి కళ్ళు మూసుకుని వినండి. 'సుయ్'మన్న శబ్దం వస్తుంది. కర్ర ఎక్కడ బాగా వేగంగా పోతే అక్కడే ఆ శబ్దం పెద్దగా వినిపిస్తుంది. ఆమె వెనక భుజం దగ్గర వినిపిస్తే మణికట్లు తొందరపడి తెరిచిందన్నమాట. ఒంటికి ముందువైపు, బంతి తగలవలసిన చోట వినిపిస్తే సరిగ్గా తెరిచింది. రోజుకు ఇరవై విసుర్లు చాలు. 'సుయ్' మెల్లమెల్లగా వెనకనుంచి ముందుకు జరగడం మీ చెవులకే తెలుస్తుంది. దీనికి శిక్షకుడు రానక్కర్లేదు, రూపాయి ఖర్చు లేదు.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. కర్ర విసిరేటప్పుడు చుట్టుపక్కల చిన్నపిల్లలు లేకుండా చూడండి. బ్యాటు పట్టి బంతికి ఎదురు నిలిచేటప్పుడు తలకు హెల్మెట్ తప్పనిసరి. చిర్రగోనె ఆడితే ఎదురుగా నిలబడేవాళ్ళు బాగా ఎడంగా వుండాలి, చిర్ర కొస కంటికి తగిలితే చూపే పోవచ్చు. మణికట్టు గాని మోచేయి గాని రెండు మూడు రోజులకు మించి నొప్పి పెడితే ఆట ఆపి డాక్టరుకు చూపించండి.

మనకూ ఒక మాట. తడిసిన దుప్పట్లు, పెద్ద బొంతలు ఒక్కరే మణికట్టు మీద విదిలించి చేతుల నొప్పులు తెచ్చుకోకండి. కాలు ముందుకు వేసి, నడుము తిప్పి విదిలించండి. ఇంకొకరుంటే చెరో కొసా పట్టుకోండి. పిల్లలకు చెప్పే సూత్రం మన ఒంటికీ వర్తిస్తుంది.

మహబూబాబాదు సోదరికి నా సలహా ఏమిటంటే, పిల్లను మానిపించవద్దు. ఆ సన్నటి చేతులకు తగ్గ బరువున్న బ్యాటు ఇప్పించండి. అత్తగారినీ మామగారినీ ఎదిరించి మాట్లాడక్కర్లేదు. ఒక సాయంత్రం పిల్ల కర్ర విసురుతుంటే వాళ్ళను పక్కన కూర్చోబెట్టి ఆ 'సుయ్'మనే చప్పుడు వినిపించండి. చిర్రగోనె ఆడి పెరిగిన చెవులు కనుక వాళ్ళకు ఇట్టే తెలిసిపోతుంది.

రేపు ఎంపికలో ఆ పిల్ల నెగ్గవచ్చు, నెగ్గకపోవచ్చు. పై తరగతుల్లో చదువు బరువై తనే ఆట మానుకోనూవచ్చు. ఆడి చూసి మానుకుంటే దిగులు లేదు. "నీకు బలం లేదు" అన్న మాట ఇంట్లో విని మానుకుంటే మాత్రం, ఆ మాటను అది ఆటలోనే వదిలిపెట్టదు, వెళ్ళిన ప్రతిచోటికీ వెంట తీసుకుపోతుంది. అందుకని ఆ మాట అనే ముందు ఒక్కసారి ఆగండి.



(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)